వించెస్టర్ మోడల్ 70: పార్టులన్నీ ఒరిజినలే, మరి రైఫిల్ ఒరిజినలా?

మీరు రాసింది ముందు ఒక చోట పెట్టుకుంటా, తర్వాత వెనక్కి వెళ్లి వెతుక్కోనక్కర్లేకుండా. ఈమధ్యే కొన్న వించెస్టర్ మోడల్ 70, సీరియల్ 34 వేల చిల్లర, బ్యారెల్ మీద .300 సావేజ్ అని ఉంది (అది తూటా రకం, క్యాలిబర్), ఫ్లోర్ ప్లేట్, అంటే మ్యాగజైన్ కింది మూత మీద సూపర్ గ్రేడ్ (ఖరీదైన రకం) అని ఉంది, స్టాక్ కి, అంటే కర్ర భాగానికి చీక్ పీస్ (చెంప ఆనించే ఉబ్బు), ముందు కొసన నల్ల టిప్, వెనక ఎర్ర రబ్బరు ప్యాడ్. రిసీవర్, అంటే బోల్ట్ ఇమిడే ఇనుప ఒళ్లు, దాని వెనక భాగం (బ్రిడ్జ్) మీద రెండు స్కోప్ రంధ్రాలు. బ్లూయింగ్ (ఇనుము మీది నల్ల నీలం పూత) అద్దంలా మెరుస్తోంది. బోల్ట్ (తూటా వెనక మూసే కదిలే ముక్క) మీది నంబర్ రిసీవర్ నంబర్ తో కలిసింది. బ్యారెల్ కొలిస్తే 23.4 అంగుళాల దాకా వచ్చింది, "టేపు సరిగ్గా పట్టలేదేమో" అని మీరే అనుకున్నారు. అమ్మినాయన వంద శాతం ఒరిజినల్ అన్నాడు, నిజమేనా అని మీ ప్రశ్న.

టేపు సరిగ్గానే పట్టుంటారు. మీరు రాసిన వాటిల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆపేసింది ఆ 23.4 అంకెనే, దాని దగ్గరికి వస్తాను, కొంచెం ఆగండి.

ముందు ఒక మాట. "ఒరిజినల్" అనగానే అందరూ ప్రతి పార్టూ వించెస్టర్ వాళ్లు చేసిందేనా అని చూస్తారు. మోడల్ 70 విషయంలో ఇదే పెద్ద బురిడీ. ఈ రైఫిల్ లో అనుమానం ఉన్నవి చాలావరకు నకిలీ పార్టులతో చేసినవి కాదు, అసలైన వించెస్టర్ పార్టులతోనే కూర్చినవి. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారే, అట్లా. కాబట్టి పార్టు అసలుదా కాదా అని కాకుండా ఈ పార్టుకీ ఆ పార్టుకీ వయసు కుదురుతుందా, ఒకదానితో ఒకటి సాక్ష్యం చెప్తున్నాయా అని చూడాలి. ఎక్కడ మాట తేడా వస్తే అక్కడ లాగాలి.

ఇంకోటి, పాత ఫ్యాక్టరీ రికార్డు చూసి రాసిచ్చే లెటర్ తెప్పించుకుంటే సరిపోతుంది కదా అంటారు కొందరు. వ్యోమింగ్ లో కోడీ అనే ఊళ్లో మ్యూజియం ఉంది, అక్కడ వించెస్టర్ పాత రికార్డులున్నాయి, 1873 మోడలో 1886 మోడలో తొలినాళ్ల 1894 మోడలో అయితే ఏ బ్యారెల్ తో వెళ్లింది, ఏ క్యాలిబర్, ఎప్పుడు వేర్ హౌస్ లోంచి బయటికెళ్లింది అన్నీ లెటర్ లో వస్తాయి. మోడల్ 70 కి అంత వివరం రాదు. ఏ స్టాక్ తో ఏ బ్యారెల్ తో పోయిందో చెప్పే కాగితం లేదన్నమాట, అందుకే దీని మీద ఆటలు ఎక్కువ. రైఫిల్ నే విప్పి అడగాలి.

సీరియల్ సంగతి త్వరగా చెప్పేస్తా. మోడల్ 70 అంతకుముందున్న మోడల్ 54 స్థానంలో 1936 లో మొదలైంది, కనెక్టికట్ లోని న్యూ హేవెన్ ఫ్యాక్టరీలో. మనవాళ్లు ప్రీ-64 అనేది 1963 చివరిదాకా, నంబరు 5 లక్షల 81 వేల చిల్లర దగ్గర ఆగింది, 1964 లో డిజైన్ మార్చి 7 లక్షల నుంచి మళ్లీ మొదలెట్టారు, అప్పుడే పేలిన కేసుని బయటికి లాగే ఆ పెద్ద పంజా లాంటి ఎక్స్‌ట్రాక్టర్ పోయింది. మీ 34 వేలు అంటే 1941. అంటే యుద్ధానికి ముందు రకం, కలెక్టర్లు ప్రీవార్ అంటారు. ఇది చాలా మంచి విషయం, కానీ ఇది రిసీవర్ వయసు మాత్రమే, మిగతా రైఫిల్ వయసు కాదు. ప్రీవార్ రిసీవర్ కి ఇంకో రెండు గుర్తులు ఉండాలి. టాంగ్, అంటే రిసీవర్ వెనక తోక, మూడాకుల క్లోవర్ లాగా ఉంటుంది, సేఫ్టీ లివర్ ఏమో బోల్ట్ స్లీవ్ పైనుంచి తిరుగుతుంది, స్కోప్ కిందకి బిగిస్తే వేలికి అడ్డొచ్చేది, యుద్ధం తర్వాత అందుకే మార్చారు. సేఫ్టీ కొత్త రకం ఉంటే కంగారు పడకండి, స్కోప్ కోసం మార్పించుకున్నవాళ్లు బోలెడు మంది, కానీ అది మార్పే, రాసుకోండి.

ఇప్పుడు వెనక బ్రిడ్జ్ రంధ్రాలు. ప్రీవార్ రిసీవర్లకి ముందు రింగ్ (బ్యారెల్ బిగిసే ముందు భాగం) మీద ఫ్యాక్టరీ రంధ్రాలుంటాయి, వెనక బ్రిడ్జ్ మీద ఉండవు. మీ దానికి ఉన్నాయి అంటే తర్వాత ఎవరో వేయించారు, ఇందులో చర్చ లేదు, వంద శాతం అన్న మాట ఇక్కడే తొంభై అయింది. అయితే దీన్ని మోసం అనను నేను. 1950ల్లో వేటకెళ్లేవాడికి స్కోప్ కావాలి, గన్‌స్మిత్ దగ్గరికెళ్లి వేయించుకున్నాడు, రేపు ఎవడో కలెక్టర్ ఏడుస్తాడని వాడికేం తెలుసు. ఆ రంధ్రాల్లో నాకు కావల్సింది వేరే. స్క్రూలు తీసి చిన్న టార్చ్ తో లోపలి గోడలు చూడండి. రైఫిల్ కి ఫ్యాక్టరీ బ్లూయింగ్ అలాగే ఉండి తర్వాత రంధ్రాలు వేస్తే లోపల తెల్లగా ఇనుము రంగు కనపడాలి, లేదా పాతబడి గోధుమ రంగు తిరిగుండాలి. లోపల కూడా బయట లాగే నల్లగా నీలంగా ఉందంటే రంధ్రాలు వేసిన తర్వాత మొత్తం రైఫిల్ ని మళ్లీ బ్లూయింగ్ ట్యాంకులో ముంచారన్నట్టు. ఎనభై ఏళ్లు దాటిన రైఫిల్ అద్దంలా మెరుస్తోందని మీరు సంతోషంగా రాశారు, నాకు మాత్రం అక్కడ గుండె జారింది.

రీబ్లూ, అంటే ఇలా మళ్లీ వేసిన బ్లూయింగ్ పట్టుకోడానికి ఇంకా ఉన్నాయి. బ్లూయింగ్ కి ముందు పాలిష్ చెయ్యాలి, పాలిష్ చేసేవాడి చక్రం అంచుల్ని తినేస్తుంది. స్క్రూ రంధ్రాల అంచు పదునుగా ఉండాల్సింది చిన్న గిన్నెలా లోపలికి వంగుంటుంది. అక్షరాలు చూడండి, బ్యారెల్ మీద రాతలో ఒక వైపు లోతుగా ఇంకో వైపు తేలిపోయి ఉంటే చక్రం తిరిగినట్టే. కిటికీ దగ్గర పట్టుకుని బ్యారెల్ పొడవునా వెలుగుని జారనివ్వండి, అసలు బ్యారెల్ మీద వెలుగు గీత తిన్నగా పోతుంది, చేత్తో పాలిష్ చేసింది అలలు అలలుగా వణుకుతుంది. మంచి రీబ్లూ చేసినవాడి పనితనాన్ని నేను తక్కువ చెయ్యను, కానీ గుంతలు పడ్డ తుప్పుని పాలిష్ తో తీసేసి ఒరిజినల్ ఫినిష్ అని అమ్మడం మసిబూసి మారేడుకాయ చెయ్యడమే.

సరే, అసలు కథ బ్యారెల్.

మోడల్ 70 లో .300 సావేజ్ చాలా అరుదు. అరుదైన క్యాలిబర్ కనపడగానే నేను మొదట అనుకునేది "దొరికింది" అని కాదు, "ఎవరు చేశారు" అని. ఎందుకంటే ఈ క్యాలిబర్ ని దొంగగా చెయ్యడం సులువు, .30-06 కి దీనికి బుల్లెట్ వ్యాసం ఒకటే. .30-06 బ్యారెల్ మోడల్ 70 కి కుప్పలు. .30-06 కేసు (తూటా ఇత్తడి గొట్టం) పొడవు 2.494 అంగుళాలు, .300 సావేజ్ కేసు 1.871. చాంబర్ అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది, పొడుగు చాంబర్ ని పొట్టి చాంబర్ గా మార్చాలంటే బ్యారెల్ వెనక వైపు అంత మేర కోసేసి, మళ్లీ మరలు కోసి, కొత్త చాంబర్ తొలవాలి. రెంటికీ తేడా చూడండి, 0.62 అంగుళం. ప్రీవార్ స్టాండర్డ్ .30-06 బ్యారెల్ 24 అంగుళాలు. 24 లోంచి 0.62 తీసెయ్యండి.

23.38.

మీరు కొలిచింది 23.4. కాకతాళీయం అయ్యుండొచ్చు, ఎవడో మూతి దగ్గర దెబ్బ తగిలితే కాస్త కోసి మూతి అంచుని మళ్లీ చక్కగా చేసుండొచ్చు. ఇంకోసారి కొలవండి ముందు. మ్యాగజైన్ చాంబర్ రెండూ ఖాళీ అని కళ్లతోనే కాదు వేలు పెట్టి చూశాక, బోల్ట్ మూసి, మూతి లోంచి క్లీనింగ్ రాడ్ ని బోల్ట్ ముఖానికి ఆనేదాకా దించి, మూతి అంచు దగ్గర రాడ్ మీద టేపు చుట్టి గుర్తు పెట్టి బయటికి తీసి కొలవండి. బ్యారెల్ ని బయట రిసీవర్ నుంచి కొలిస్తే తప్పు లెక్క వస్తుంది, చాలామంది అలాగే కొలిచి తప్పుడు గొడవలు పెట్టుకుంటారు.

అదే అంకె మళ్లీ వస్తే, వెనక వైపు కోశారా ముందు వైపు కోశారా అన్నది తేలాలి. ముందు వైపు కోస్తే ముందు సైట్ ర్యాంప్ (గురి చూసే సైట్ కూర్చునే దిమ్మ) పోతుంది. ప్రీవార్ బ్యారెల్ లో ఆ ర్యాంప్ విడిగా అతికింది కాదు, బ్యారెల్ తో కలిపి ఫోర్జ్ చేసింది, ఒకే ముక్క. దీని గురించి నాకు ఎందుకింత పట్టింపు అంటే, కొత్తల్లో నేను ఒక ప్రీవార్ కార్బైన్ కొన్నా, 20 అంగుళాల బ్యారెల్, కార్బైన్లు తక్కువ కాబట్టి గొప్పగా ఫీలయ్యి అందరికీ చూపించుకున్నా. ఒకాయన చూసి ఏం మాట్లాడకుండా తన భూతద్దం నా చేతికిచ్చి ర్యాంప్ అడుగున చూడమన్నాడు. వెంట్రుక మందం వెండి గీత, టంకం. ఎవడో 24 అంగుళాల బ్యారెల్ ని కోసి, ఇంకో ర్యాంప్ అతికి, బ్లూ చేసి నాకు అంటగట్టాడు. ఆ రైఫిల్ ఇంకా నా దగ్గరే ఉంది, బాగా పేలుతుంది కూడా, అమ్మబుద్ధి కాలేదు, అమ్మితే నేనూ ఏదో ఒకటి చెప్పాలి కదా.

మీ ర్యాంప్ ఒకే ముక్క అయితే కోత వెనక వైపే. వెనక వైపు కోసినవాడు దాచలేనివి చాలా ఉంటాయి, మీరు విప్పగానే బయటపడతాయి. ప్రీవార్ స్టాండర్డ్ బ్యారెల్ కి వెనక సైట్ కూర్చునే చోట ఉబ్బు ఉంటుంది, బాస్ అంటారు, ఆ బాస్ అడుగునే స్టాక్ ముందు భాగం లోంచి వచ్చే ఫోరెండ్ స్క్రూ ఎక్కుతుంది. బ్యారెల్ వెనక 0.62 కోసి మళ్లీ బిగిస్తే బాస్ కూడా అంత మేర రిసీవర్ వైపు జరుగుతుంది. స్టాక్ లో దానికోసం తొలిచిన పళ్లెం మాత్రం జరగదు కదా. అప్పుడు పళ్లెంలో ముందు వైపు ఖాళీ, వెనక వైపు కొత్తగా తొలిచిన పచ్చి చెక్క, స్క్రూ రంధ్రం ఒకటి పూడ్చి పక్కన ఇంకోటి. ఈ సాక్ష్యాన్ని చెరపాలంటే కొత్త స్టాక్ చెయ్యాల్సిందే.

రెండోది ప్రూఫ్ మార్క్, పరీక్షగా పేల్చి చూశాక ఫ్యాక్టరీ కొట్టే ముద్ర. రిసీవర్ రింగ్ ఎడమ వైపు ఒకటి, దాన్ని ఆనుకుని బ్యారెల్ మీద ఒకటి, రెండూ కోడిగుడ్డు ఆకారంలో, లోపల డబ్ల్యూ పి అక్షరాలు ఒకదానిమీద ఒకటి పేనుకుని ఉంటాయి. బ్యారెల్ వెనక కోసి కొత్త మరలు కోస్తే రిసీవర్ ని ఆనుకుని ఉన్న మార్కు ఆ మరల్లో కలిసిపోతుంది. కాబట్టి బ్యారెల్ మీద మార్కు లేకపోయినా, ఉండి రిసీవర్ మార్కుతో లోతులో రూపంలో తేడాగా ఉన్నా అనుమానించాలి. అక్కడ డబ్ల్యూ లేకుండా ఉత్త పి మాత్రమే ఉన్న మార్కు ఉంటే అది వేరే కథ, విడిగా పోస్టులో అమ్మిన బ్యారెల్ కి వేసేది అది, అంటే బ్యారెల్ వించెస్టర్ దే కానీ ఈ రైఫిల్ తో పుట్టింది కాదు.

మూడోది తేదీ. బ్యారెల్ అడుగున, స్టాక్ తీస్తేనే కనపడేలా, రెండంకెల్లో సంవత్సరం కొట్టుంటుంది. మీ దానికి 41 అనో 40 అనో ఉండాలి. ఇక్కడ చాలామంది అనవసరంగా భయపడతారు, బ్యారెల్ సంవత్సరం రిసీవర్ కంటే ఒకటి రెండేళ్లు ముందుదైతే తప్పేం లేదు, పెద్దగా అమ్ముడుపోని క్యాలిబర్ బ్యారెల్స్ చేసి ర్యాక్ లో పెట్టేవాళ్లు, ఆర్డర్ వచ్చినప్పుడు బిగించేవాళ్లు, అరుదైన క్యాలిబర్ కి పాత తేదీ ఉండటం నాకు ఇంకాస్త నమ్మకమే ఇస్తుంది. కానీ రిసీవర్ 41 ది, బ్యారెల్ 48 ది అంటే మాత్రం కొడుకు పుట్టాక తండ్రి పుట్టినట్టు.

నాలుగోది మ్యాగజైన్, దీన్ని దొంగపని చేసేవాళ్లు తరచూ మర్చిపోతారు. మోడల్ 70 లో అన్ని క్యాలిబర్లకీ యాక్షన్ (రిసీవర్, బోల్ట్ కలిపి) పొడవు ఒకటే, పొట్టి తూటాలకి మ్యాగజైన్ డబ్బా వెనక ఒక రేకు పెట్టి చోటు తగ్గించేవాళ్లు, బోల్ట్ అనవసరంగా వెనక్కి పోకుండా బోల్ట్ స్టాప్ కి ఒక పొడిగింపు ఉండేది. తూటా మొత్తం పొడవు .30-06 ది 3.34 అంగుళాలు, .300 సావేజ్ ది 2.60. ఫ్లోర్ ప్లేట్ తెరిచి చూడండి, మ్యాగజైన్ పొడుగ్గా ఖాళీగా ఉండి తూటాలు ముందుకీ వెనక్కీ దొర్లుతుంటే ఈ రైఫిల్ ఫ్యాక్టరీలో .30-06 లాంటి పొడుగు తూటాకే పుట్టి ఉంటుంది.

రాత కూడా చూడండి. క్యాలిబర్ పేరు ఫ్యాక్టరీలో రోలర్ తో దొర్లించి వేసింది, గుండ్రటి బ్యారెల్ మీద కూడా ప్రతి అక్షరం ఒకే లోతు, ఒకే వరస. చేత్తో సుత్తితో ఒక్కో అక్షరం కొట్టినవాడికి ఆ వరస రాదు, ఒకటి పైకి ఒకటి కిందికి పోతుంది. పాత రాత చెరిపి కొత్తది వేసుంటే ఆ చోట బ్యారెల్ కాస్త పల్చగా, వేలితో తడిమితే పళ్లెంలా తెలుస్తుంది. వెర్నియర్ పెట్టి రాత ఉన్న చోటా, దాని పక్కనా కొలిస్తే ఇంకా తేటగా తెలుస్తుంది, బ్యారెల్ మూతి వైపు సన్నబడుతూ పోతుంది కాబట్టి ఆ లెక్క తీసెయ్యాలి.

చాంబర్ గురించి అనుమానం ఉన్నంతసేపూ దయచేసి పేల్చకండి. మంచి గన్‌స్మిత్ దగ్గర హెడ్‌స్పేస్ (బోల్ట్ ముఖానికీ చాంబర్ లో తూటా ఆగే చోటుకీ మధ్య దూరం) చూపించి, సెర్రోసేఫ్ తో చాంబర్ అచ్చు పోయించండి. అది 70 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ మధ్య కరిగే లోహం, బ్యారెల్ కి ఏ హానీ లేదు. పోసిన కొత్తలో కొంచెం కుంచించుకుంటుంది, అందుకే అచ్చు సులువుగా ఊడొస్తుంది, మళ్లీ మెల్లగా వ్యాకోచించి గంటకి చాంబర్ అసలు కొలతకి వస్తుంది, కాబట్టి కొలవడం గంట తర్వాతే. పాత చాంబర్ మిగులు ఎక్కడైనా ఉంటే మెడ దగ్గర ఉంగరంలా ఆ అచ్చులో కనపడుతుంది.

బోల్ట్ నంబర్ కలిసింది అని మీరు దాన్ని పెద్ద రుజువుగా రాశారు. బోల్ట్ అడుగున ఆ నంబరు స్టాంప్ కాదు, ఎలక్ట్రిక్ పెన్సిల్ తో చేత్తో రాసింది. చేత్తో రాసింది ఇంకో చేత్తో కూడా రాయొచ్చు. భూతద్దంతో చూసి కింద పాత అంకె గీకిన ఛాయ లేకపోతే, గీతల్లో పాత మురికి ఉంటే నమ్మొచ్చు, అయినా అది బోల్ట్ కీ రిసీవర్ కీ ఉన్న చుట్టరికం మాత్రమే చెప్తుంది, బ్యారెల్ కి ఏ సాక్ష్యమూ కాదు.

సూపర్ గ్రేడ్ సంగతి. ఫ్లోర్ ప్లేట్ అరువు నగ లాంటిది, స్క్రూలు విప్పి ఇంకోటి పెట్టడానికి అయిదు నిమిషాలు. సూపర్ గ్రేడ్ అంటే ముఖ్యంగా స్టాక్. చీక్ పీస్, నల్ల టిప్, చుట్టూ తిరిగొచ్చే చెకరింగ్ (కర్ర మీద చెక్కిన గీతల అల్లిక), సులువుగా ఊడే స్లింగ్ స్వివెల్స్ (భుజం పట్టీ తగిలించే కొక్కేలు), మీ దానికి ఇవి ఉన్నాయంటే స్టాక్ సూపర్ గ్రేడ్ దే అయ్యుండొచ్చు. ఈ రైఫిల్ దా కాదా అన్నదే ప్రశ్న, దానికి జవాబు పైన చెప్పిన బాస్ పళ్లెమే ఇస్తుంది. అది కాక ఎర్ర ప్యాడ్ ఒకటుంది. .300 సావేజ్ తన్నుడుకి ప్యాడ్ అక్కర్లేదు, ఎవరో తర్వాత పెట్టించుంటారు, పెట్టించేటప్పుడు సాధారణంగా స్టాక్ కాస్త కోస్తారు. ట్రిగ్గర్ నుంచి వెనక కొసకి పదమూడున్నర అంగుళాలు ఉండాలి, ప్యాడ్ తో కలిపి అంతే వస్తే కర్ర కోసినట్టే, ఇక పాత స్టీల్ బట్ ప్లేట్ తెచ్చి పెట్టినా కూర్చోదు. ప్యాడ్ విప్పినప్పుడు లోపల పూడ్చిన పాత స్క్రూ రంధ్రాలున్నాయేమో చూడండి. కర్రకి కొత్త పాలిష్ అయిందా అనేది టాంగ్ దగ్గర వేలు పెడితే తెలుస్తుంది, ఫ్యాక్టరీ కర్ర ఇనుము కంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటుంది, సాండ్ పేపర్ పట్టిన కర్ర ఇనుము కంటే కిందకి దిగిపోయుంటుంది.

విప్పేటప్పుడు ఫోరెండ్ స్క్రూ ముందు తియ్యండి, అది మర్చిపోయి బ్యారెల్ ని పైకి లాగితే పాత వాల్‌నట్ పగులుతుంది. స్క్రూడ్రైవర్ మొన స్లాట్ కి సరిగ్గా పట్టేది వాడండి, స్క్రూల పొడవులు వేరు కాబట్టి ఏది ఎక్కడిదో కాగితం మీద గుచ్చి పెట్టుకోండి. దేన్నీ తుడవొద్దు, నూనె పెట్టొద్దు, ఆ మురికి కూడా సాక్ష్యమే.

నా అంచనా అడిగితే, అసలైన 1941 రిసీవర్, దాని సొంత బోల్ట్, వెనక కోసిన .30-06 బ్యారెల్, ఇంకో రైఫిల్ నుంచి వచ్చిన సూపర్ గ్రేడ్ స్టాక్, చివర్లో అన్నిటినీ కలిపి ఒక బ్లూయింగ్. బాస్ తన పళ్లెంలో సరిగ్గా కూర్చుని, డబ్ల్యూ పి మార్కులు రెండూ ఒక జత లాగా ఉండి, మ్యాగజైన్ లో ఆ రేకు ఉంటే మాత్రం నా అంచనా వెనక్కి తీసుకుని మీకు క్షమాపణ చెప్తా, అప్పుడు ఆ బ్యారెల్ పొడవుకి వేరే కారణం వెతకాలి. ముందు ఆ బాస్ పళ్లెం, స్క్రూ రంధ్రం ఫోటో తియ్యండి, ఫ్లాష్ వద్దు, పక్కనుంచి పగటి వెలుగులో.